బైరాగి బండిలో శబ్దం

"మిస్త్రీ ఉన్నాడా?"

కారు కింద వెల్లకిలా పడుకున్న పైడికి ఆ మనిషి కనిపించలేదు. తడిసి ముద్దయిన రెండు చెప్పులు మాత్రం కనిపించాయి. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆ పూట వాన కుండపోతగా కురుస్తోంది.

"ఉంది," అంటూ పైడి పాక్కుంటూ బయటికొచ్చింది.

చెప్పుల పైన పొడుగ్గా, సన్నగా ఒక కుర్రాడున్నాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. అతని వెనక రోడ్డు మీద పసుపు రంగు అంబాసిడర్ టాక్సీ కదలనని మొండికేసి నిలబడింది. పైడి ముక్కు మీది గ్రీజు మరక కేసి అతను వింతగా చూశాడు.

"నిన్ను గాదు. కోదండం మిస్త్రీని పిలు."

"మావయ్య బజారుకెల్లాడు. నాకు సెప్పు దాదా, ఏటయింది బండికి?"

"నీకు సెప్తే ఏటవుతాది? బండి సూత్తావా, బండి ముందర ముగ్గేత్తావా?"

"ముగ్గు నాకు రాదు. బండొచ్చు."

అతను ఇంకేదో అనబోయేలోగా పైడి వానలోకి నడిచి బానెట్ ఎత్తేసింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకున్న రెండు క్లిప్పులూ బొటనవేళ్లతో నొక్కి ఊడదీసింది. లోపల నీటిచుక్కలు. గరాజ్‌లోకి తెచ్చి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ బిగించి వచ్చింది.

"తల తడిసిపోయింది దాదా, నీకులాగే. ఆరితే రెండూ పనిసేత్తాయి. ఎల్లి స్టార్ట్ సెయ్."

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. కుర్రాడి ముఖం చూడాలి, నోట్లో రసగుల్లా పెట్టుకుని నమలడం మరిచిపోయినవాడిలా ఉంది.

"నీ పేరేటి?"

"పైడితల్లి. పైడంటారు. మరి నీది?"

"బైరాగి."

పైడికి నవ్వాగలేదు. "బైరాగికి టాక్సీ ఎందుకు దాదా?"

"పేరు మా తాత పెట్టాడు, నాను గాదు. ఇంకోటి, నన్ను దాదా అని మాత్రం పిలవకు. నీకు నాను అన్నని గాను."

"కలకత్తాలో టాక్సీ తోలే ప్రెతోడూ దాదాయే," అని పైడి మళ్లీ కారు కింద దూరింది. ఆ తడి చెప్పులు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

నాలుగేళ్ల కిందట, పదో తరగతి పరీక్షలైన మర్నాడే పైడి మేనమామ గరాజ్‌లో పనికి చేరింది. ఆడపిల్లకి గ్రీజేటని అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. కోదండం మాత్రం, "కాయితం మీద రాసింది దీనికి తలకెక్కదు గానీ, ఇంజను పాడితే రాగం పట్టేత్తాది" అని వెనకేసుకొచ్చాడు.

ఆ గరాజ్‌లో ఒక ఆచారం ఉంది. పని నేర్చుకునేవాళ్లకు సొంత పనిముట్టు ఉండదు. గురువు దగ్గర పానా అడిగి తీసుకోవాలి, తుడిచి తిరిగి ఇచ్చేయాలి. పని వచ్చేసిందని గురువు ఒప్పుకున్న ఏడాది, విశ్వకర్మ పూజనాడు, తన సొంత పనిముట్టు తెచ్చి దేవుడి కాళ్ల దగ్గర పెట్టుకోవాలి. అప్పట్నుంచి అతను మిస్త్రీ, పూర్తి మెకానిక్. ఈ ఏడు ఆ చోటు నీదేనని కోదండం పైడికి మాటిచ్చాడు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పైడి మోచేతుల దాకా అంటిన నల్లనూనె కూడా గాజుల్లా ముచ్చటగా అనిపించేది.

వారం తిరక్కుండా బైరాగి మళ్లీ వచ్చాడు.

"గేరు మారుత్తుంటే కీచుమంటంది."

పైడి చెవి ఒగ్గి విన్నది. ఏ కీచూ లేదు. అయినా గేరుబాక్సులో ఆయిల్ చూసి పంపింది. ఆ తర్వాత ఎడమ తలుపులో ఏదో గలగలమంటోందన్నాడు. ఆపైన హారన్ గొంతు మారిందన్నాడు.

"గొంతు మారడమేటి? హారన్‌కి జలుబు సేసిందా?"

"నువ్వే మిస్త్రీవి గదా, నువ్వే సెప్పాల."

ఒకరోజు అతని పక్కన కూచుని ఖిదిర్‌పూర్ వంతెన దాకా వెళ్లి వచ్చింది. ఓడల డాకుల మీంచి గాలి చల్లగా కొడుతోంది. బైరాగి ఓరకంట చూస్తున్నాడు. పైడి కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఇంజన్‌నే వింటోంది.

"వినిపించిందా?" అన్నాడతను.

"నేదు. నీకో?"

"ఇందాకటిదాకా వినిపించింది. నువ్వెక్కగానే ఆగిపోయింది."

ఇంకో పిల్లయితే అక్కడే కనిపెట్టేసేది. పైడికి పని అంటే ప్రాణం. బండి బాగాలేదని ఒకడు నోరు తెరిచి చెబితే అబద్ధమనుకోవడం ఆమెకు చేతకాదు. అతను వస్తే సంతోషంగానే ఉండేది, నిజానికి రాని రోజుల్లో వీధికేసి చూసేది. కానీ అతను వచ్చాడంటే శబ్దం ఇంకా పోలేదని అర్థం. అన్నం తింటున్నా ఆలోచన దాని మీదే. తన చెవికి అందనిది ఆ బండిలో ఏముంది?

పూజ దగ్గర పడుతుండగా కోదండం టీకొట్టు నుంచి ముఖం ముడుచుకుని వచ్చాడు.

"పైడీ, టాక్సీ స్టాండులో డ్రైవర్లందరూ నవ్వుతున్నారే. ఆ గుంట సెయ్యి పడ్డాక బైరాగి బండి బాగుపడిందే నేదంట. వారం వారం ఇక్కడే ఉంటందంట. నీ సేతికి బండివ్వడానికి బయపడతన్నారు."

పైడి తలొంచుకుంది. "నిజమే మావయ్యా. ఆ శబ్దం నాకు దొరకలేదు."

"మరయితే ఈ ఏడు ఒగ్గీయ్. మళ్లేడు సూద్దాం."

ఆమె చేతిలోని పానా తుడిచి అతనికి తిరిగి ఇచ్చేసింది. కానీ ఆ సాయంత్రమే బైరాగి దువ్విన క్రాపుతో దిగి, "వెనక చక్రం దగ్గర చిన్న శబ్దం" అనేసరికి, దాచుకున్నదంతా బద్దలైంది.

"నీ బండికో దండం, నీకో దండం! ఇంకో గరాజు సూసుకో. నీ శబ్దాల పున్నెవా అని పూజలో నా చోటు పోయింది. పైడికి పని రాదని ఊరంతా పాకిపోయింది. నాకు నిజంగానే రాదేమో కూడా!"

బైరాగి ముఖం పాలిపోయింది. "పైడీ, అది గాదు..."

"ఎల్లు!"

ఏడుస్తున్నట్టు కనబడకుండా ఆమె కారు కింద దూరింది.

విశ్వకర్మ పూజ రోజు ఆకాశమంతా గాలిపటాలే. పటం తెగినప్పుడల్లా మేడ మేడకీ "భో కట్టా!" అని కేకలు. గరాజ్‌లో విశ్వకర్మ ముందు పానాలు, జాకీలు, సుత్తులు కడిగి బొట్లు పెట్టి పేర్చారు. పూజయ్యింది కాబట్టి మర్నాటి దాకా ఎవ్వరూ వాటిని ముట్టుకోకూడదు. స్టాండులోని డ్రైవర్లంతా ప్రసాదానికి వచ్చారు. పైడి ఒక మూల నిలబడి దొప్పల్లో ఖిచిడీ వడ్డిస్తోంది. దేవుడి కాళ్ల వైపు చూడకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

అప్పుడు బైరాగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొత్త చొక్కా చెమటతో తడిసిపోయింది.

"బండి ఆగిపోయింది!"

గరాజ్ గొల్లుమంది. ఒక డ్రైవరన్నాడు: "ఇవాళేం శబ్దం రా, శంఖమా?"

"నవ్వండి. నవ్వాల్సిందే." బైరాగి రొప్పుతూ నడిమధ్యన నిలబడ్డాడు. "అందరూ ఉన్నప్పుడే సెప్దావని వొత్తన్నాను, దారిలో ఆగిపోయింది. ఇన్నాల్లూ నా బండిలో ఏ శబ్దవూ నేదు. కీచూ నేదు, గలగలా నేదు. అన్నీ నానే కల్పించాను. ఆ వాననాడు పైడి ఒక్కసారి సెయ్యేసింది, అప్పట్నుంచి బండి బంగారంలా నడిసింది."

"మరెందుకొచ్చేవురా వారం వారం?" అన్నాడు కోదండం, కళ్లెర్రజేసి.

బైరాగి చెవులు కూడా ఎర్రబడ్డాయి. "పైడిని సూడ్డానికి. పైడంటే నాకు ఇష్టం. పెల్లాడాలని ఉంది. మాయమ్మని తీసుకొత్తన్నాను, అదిగో వంతెనవతల బండిలో కూకోనుంది."

అందరూ పైడి వైపు తిరిగారు. ఆమె గరిటె అలాగే పట్టుకుని ఉంది.

"అంటే... శబ్దం నేదా?" అంది మెల్లగా.

"నేదు."

"గేరుబాక్సులో గూడా?"

"ఎక్కడా నేదు."

"మావయ్యా!" పైడి ఒక్క అరుపు అరిచింది. "నా పని సరిగ్గానే ఉంది! నా చెవి బాగానే ఉంది!"

అటువైపు ఒక కుర్రాడు ఊరందరి ముందూ ప్రేమ ఒప్పుకుని నిలబడితే, ఈ పిల్ల సంతోషం ఇంకో దాని గురించి. ప్రేమ మాట ఒక్క క్షణం ఆలస్యంగా ఆమెకు అందింది. అందగానే గ్రీజు లేని బుగ్గలు మొదటిసారి ఎర్రబడ్డాయి. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ రెండిటికీ తీరిక లేక గరిటె పక్కన పెట్టేసింది.

"ముందు బండి సంగతి సెప్పు."

"ఏక్సిలేటర్ నొక్కితే పెడలు నేలకి దిగిపోతంది."

"వైరు తెగింది," అని పైడి అడుగు ముందుకేసింది.

"ఇవాళ పానా ముట్టుకోకూడదు," అన్నాడు కోదండం గట్టిగా. "రేపు సూద్దాం."

"పానా ముట్టుకోను మావయ్యా. సేతులకి సెలవనలేదు కదా నువ్వు?"

గాలిపటం ఎగరేస్తున్న ఒక డ్రైవర్ దగ్గర దారం అడిగింది. మాంజా వద్దు, చేతులు తెగుతాయి, ఉత్త దారం కావాలంది. బైరాగి వెంట నడుస్తూనే దాన్ని పేటలు పేటలుగా మడిచి, మూడు పాయలు తీసి, జడ అల్లినట్టు బిగించి అల్లింది.

వంతెనవతల, బంతిపూల దండలు వేసుకున్న టాక్సీ వెనక సీట్లో బైరాగి తల్లి సన్యాసమ్మ పళ్లూ పూలూ ఒళ్లో పెట్టుకుని కూచుంది. పైడి నమస్కారం పెట్టి తిన్నగా బానెట్ ఎత్తింది. అల్లిన దారం కార్బురేటర్ మీటకు ముడేసి, రెండో కొస బానెట్ సందులోంచి ఎడమ కిటికీలోకి తెచ్చుకుని ముందు సీట్లో కూచుంది.

"క్లచ్చు, గేరు, బ్రేకు నీవి. ఏక్సిలేటర్ నా సేతిలో. నాను లాగుతాను, నువ్వు తోలు."

"లాగు!"

ఇంజన్ హూంకరించింది.

"మెల్లగా! ముందు రిక్షా ఉంది! ఒగ్గు, ఒగ్గు!"

"అరవకు. ఒగ్గాను."

"ఇప్పుడు లాగు."

"వట్టినే రావొచ్చు కదా? అన్ని అబద్దాలెందుకు?"

"వట్టినే వొత్తే మీ మావ టీ పోత్తాడా? జాకీతో తంతాడు. లాగు, లాగు, వంతెన ఎక్కుతున్నాం!"

"నువ్వు సేసింది తప్పు."

"తప్పే. జనమందరి ఎదర ఒప్పుకున్నాను గదా!"

"నాకేం ఇష్టం లేదని అనలేదు నాను. తప్పని అన్నాను."

బైరాగి బ్రేకు తొక్కడం మరిచిపోబోయాడు. వెనక నుంచి సన్యాసమ్మ, "రోడ్డు సూడ్రా!" అని కసిరింది.

వంతెన దిగి, జనాన్ని తప్పించుకుంటూ, పూలదండలూపుకుంటూ టాక్సీ గరాజ్ ముందు వచ్చి ఆగింది. డ్రైవర్లంతా ఈలలు వేశారు. సన్యాసమ్మ దిగి కొంగు సర్దుకుంది.

"ముందర కూకున్నోలిద్దరూ దారంతా దెబ్బలాడుకున్నారు గానీ, బండి మాత్రం తిన్నగా నడిసింది. ఇంతకంటే జాతకాలేటి సూత్తాం, కోదండం బాబూ?"

కోదండం నవ్వలేదు. మేనకోడలి ఎదుట వచ్చి నిలబడ్డాడు.

"పానా ముట్టుకున్నావా?"

"నేదు."

"సుత్తి?"

"నేదు మావయ్యా. దారం, సేతులు. అంతే."

అతను బానెట్ కింది ముడి తనే విప్పాడు. పెట్రోలు వాసన కొడుతున్న ఆ దారపు జడను అటూ ఇటూ తిప్పి చూసి పైడి అరచేతిలో పెట్టాడు.

"తీసుకెల్లి అక్కడెట్టు."

"ఎక్కడ?"

"సొంత పనిముట్టు ఎక్కడెడతారు? దేవుడి కాళ్ల కాడ. ఎల్లు, మిస్త్రీ."

పైడికి కళ్లు మసకబారాయి. పానాల వరసలో, కుంకుమ బొట్ల మధ్య, ఆ దారం చుట్టి పెట్టింది. వెనక డ్రైవర్లు "విశ్వకర్మ ఠాకుర్ కీ జై!" అన్నారు. ఎవరో "పైడి మిస్త్రీ కీ జై!" అని కలిపారు. సన్యాసమ్మ తెచ్చిన పూలు పైడి జడలోకి చేరాయి.

సాయంత్రం మళ్లీ చినుకులు మొదలయ్యాయి. వెళ్లబోతూ బైరాగి గుమ్మంలో ఆగాడు.

"రేపు వైరు మార్చడానికి వొత్తాను. మరి ఎల్లుండి రానా?"

"ఎల్లుండి బండికేటి?"

"ఏటీ నేదు. ఏ శబ్దవూ నేదు."

పైడి దాదా అనలేదు. చిన్నగా నవ్వి, "అయితే రా, బైరాగీ" అంది.