ఆపరేషన్ హెడ్డింగ్

"ఒరే గిరీ! దీక్షిత్ సచ్చిపోతాడ్రా!"

విజయనగరంలో ఓ జెరాక్స్ షాపు వెనకగదే ఆ రహస్య విభాగం. చీఫ్ నరసింగరావు అరుపుకి ఏజెంట్ గిరిబాబు లేచి నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి అతడి కడుపు చల్లబడింది. మెడల్స్ తోటి ఏజెంట్ దీక్షిత్‌కి, పెద్ద మిషన్లు దీక్షిత్‌కి, ఆఫీసులో సుహాసిని నవ్వు కూడా దీక్షిత్‌కే!

చీఫ్ గబగబా బ్రీఫింగ్ ఇచ్చాడు. భోగాపురం ఎయిర్‌పోర్ట్ రాడార్ ప్లాన్ ఉన్న చిప్‌ని విదేశీ ముఠా నుంచి కొట్టేసి, దీక్షిత్ భక్తుడి వేషంలో శ్రీముఖలింగం చేరాడు. హారతి అవగానే ఫోన్‌లో 'వంశధార పనసతాండ్ర' అని సెర్చ్ చేస్తాడు. మొదట వచ్చిన పేజీలోని నంబరుకి ఫోన్ చేసి, ఆ మనిషికి చిప్ ఇస్తాడు. అది విభాగం పేజీ కావాలి. ఇప్పుడు మొదట వస్తున్నది ముఠా పేజీ!

"మనమే కాల్ చేస్తే?"

"ఆడికి ఇన్‌కమింగ్ ఉండదురా!"

గిరిబాబు తమ పేజీ కోడ్ తెరిచాడు. ఓరి నాయనో, అచ్చం ఫ్లెక్సీయే! టైటిల్‌లో చీఫ్ పేరు, పేజీ పైన పెద్దక్షరాల హెచ్‌వన్ హెడ్డింగ్‌లో ఆయన బిరుదులు. పనసతాండ్ర సంగతంతా అడుగున ఓ ఫొటోలో ఉంది. ఇక సెర్చ్ ఇంజన్‌కి ఏం అర్థమవుతుంది, మట్టి! శత్రువు పేజీలో టైటిల్, హెడ్డింగ్ రెండూ పనసతాండ్రే.

"ఎవరు చేశారు సార్?"

"సుహాసినిరా. నా పేరు పైన ఉండాల్సిందేనని పట్టుబట్టినాది." చీఫ్ తల దించుకుని, శ్రీముఖలింగానికి మనుషుల్ని పంపడానికి బయటికి పరిగెత్తాడు.

ఆ సుహాసినే లోపలికొచ్చింది. నల్లకళ్లద్దాలు, మల్లెల సెంటు.

"ఏటి బావా, కంగారు? వదిలీ. దీక్షిత్ పోతే మిగిలీది నువ్వే గదా. నేనూ నీకే."

గిరిబాబు వేళ్లు ఆగాయి. ఎన్నేళ్ల కుళ్లు అది! ఊఁ అనేవాడే. కానీ దీక్షిత్ ప్రమాదం చీఫ్ ఇప్పుడే, తనొక్కడికే కదా చెప్పాడు, ఈవిడకెలా తెలిసింది?

అతడి చూపు మారగానే ఆమె లిప్‌స్టిక్ పిస్తోలు తీసింది. గిరిబాబు ఎడమచేత్తో ఆ మణికట్టు మెలిపెట్టి, కుడిచేత్తో కోడ్‌లోని చీఫ్‌ని చెరిపేశాడు. టైటిల్: వంశధార పనసతాండ్ర. హెచ్‌వన్: అదే. ఫొటోలోని నంబర్ని అక్షరాల్లోకి దించాడు. పేజీని మళ్లీ చదవమని సెర్చ్ ఇంజన్‌కి రిక్వెస్ట్ కొట్టాడు.

రిఫ్రెష్. ముఠాయే పైన.

రిఫ్రెష్. ముఠాయే!

రిఫ్రెష్. విభాగం పేజీ!

బల్ల మీద ఫోన్ మోగింది. "పనసతాండ్ర ఉందాండీ?" దీక్షిత్ గొంతు.

చీఫ్ వచ్చి బేడీలు వేస్తుంటే సుహాసిని పళ్లు కొరికింది. "ఆడంటే నీకెంత కుళ్లో నాకు తెల్దేటి? ఎందుకు బతికించావు?"

"సచ్చిపోతే ఆడి ఫొటోకి దండేసి, ఏటేటా సభెట్టి, నన్నే మాటాడమంటారు," అన్నాడు గిరిబాబు. "బతికున్నోణ్ణి పొగడ్డానికే సస్తన్నాను."