పేజీలో లేని వాక్యం

నాకు చెప్పినవాడు అబద్ధాలాడే మనిషి కాదు, అందుకే చెప్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. మందుల వివరాలు వెబ్‌సైట్లో పెట్టే ఆఫీసు అది. అందులో మూడో అంతస్తు చివర సర్వర్ల గది ఉంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఖాళీ కుర్చీ ముందు కీబోర్డు టకటకలాడుతుందని చెప్పుకునేవారు…

ఆ రాత్రి అక్కడ ప్రోగ్రామరమ్మ ఒక్కతే ఉంది. ఇంట్లో ఏడాదిన్నర పాపకి సాయంత్రం నుంచీ ఒకటే దగ్గు. మొగుడికి అప్పజెప్పి వచ్చిందే గానీ ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది.

అతను ఫోన్ చేశాడు. "దగ్గుమందు సీసా దొరికింది. ఎంత పట్టాలి?"

"మా సైట్లో ఉంటుంది, చూసి పట్టండి," అని పెట్టేసింది.

వాళ్ల పని ఇదీ — రాసేవాళ్లు మామూలుగా టైపు చేసి, శీర్షిక ముందు ఒక గుర్తు, లావు అక్షరాలకి రెండు స్టార్లు పెడతారు. సర్వర్లో ఒక ప్రోగ్రాము దాన్నంతా వెబ్‌పేజీ కోడుగా మారుస్తుంది. అది పాతబడిపోయింది. కొత్తదాన్ని ఈవిడ తన కంప్యూటర్లో నడిపి చూసుకుంటోంది, సర్వర్లోకి ఇంకా ఎక్కించలేదు; బయట జనానికి కనబడేది పాతదే.

ఒక్కో పేజీ తిప్పుతోంది… దగ్గుమందు పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అడుగున ఒక వాక్యం. ఇదివరకెప్పుడూ లేనిది.

'రెండేళ్లలోపు పిల్లలకి పైన రాసిన మోతాదు తప్పు. పట్టొద్దు. ఊపిరాడదు.'

ఒళ్లు జలదరించింది. మెల్లగా వెనక్కి తిరిగి చూసింది — ఎవరూ లేరు. సర్వర్ల ఫ్యాన్ల హోరు తప్ప చప్పుడు లేదు.

రాసేవాళ్లు టైపు చేసిన అసలు ఫైలు తెరిచింది. వాక్యం అందులోనే ఉంది, అటూ ఇటూ బాణం గుర్తులతో, గీతలతో. రాసింది మందులావిడ. ఈ పేజీలు సరిచూసే పెద్దావిడ, చనిపోయి ఏడాదైంది. గీతలు పెడితే చుట్టూ డబ్బా కట్టినట్టు కొట్టొచ్చినట్టు కనబడుతుందనుకుంది, పాపం. ఆ గుర్తుల మధ్య ఏముంటే అది దాచేయడం పాత ప్రోగ్రాము పద్ధతి. కొత్తది దాచకుండా ఉన్నదున్నట్టు చూపించింది. అంతే. దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు.

పోయేదాకా ఆవిడ రోజూ ఈ గదికి వచ్చేది. "నా మాట కనబడట్లేదమ్మా… కాస్త చూడండి," అని బతిమాలేది. "రేపు చూద్దాం పిన్నిగారూ," అని పంపేసేవాళ్లు. ప్రోగ్రామరమ్మా పంపేసింది. తలుచుకుంటే సిగ్గేసింది.

అంతలో పాప గుర్తొచ్చింది. ఫోన్ అందుకుంది — ఒక రింగు… రెండు… మూడు…

"పట్టారా?" అంది.

"లేదు, ఇప్పుడే పడుకుంది," అన్నాడు మొగుడు గుసగుసగా. "ఎలా పడతాను? పట్టొద్దని మీ పేజీలోనే ఉందిగా. అడుగున, చుట్టూ డబ్బా కట్టి మరీ రాశారు."

ఆవిడ సర్వర్లో ఉన్న పేజీ తెరిచింది.

పాత పేజీయే. రెండేళ్లలోపు పిల్లలకి రెండు చెంచాలు అని ఉంది. దాని కింద ఏమీ లేదు.