గోకుడు గోడ

జిన్నారం నుంచి కాజీపల్లి దిక్కు పోతుంటే మూతవడ్డ మందుల కంపెనీ ఒకటి వస్తది. దాని ఎనుక సగం కూలిన ప్రహరీ. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వలూ పోరు. ఆ గోడకు ఊరోళ్లు పెట్టిన పేరు — గోకుడు గోడ.

ఒక వానాకాలం ఆ గోడ కూలి వాచ్‌మన్ కింద వడ్డడట. తెల్లారి రాళ్లు తీస్తే... పది వేళ్లకు ఒక్క గోరు లేదట. బయటికొస్తానని రాత్రంత రాళ్లను గీరిండు మరి. అప్పటిసంది గాలి లేస్తే చాలు, గోడ కాడ గోకిన చప్పుడు. అటు పోయినోని ఒంటిని ఎవరో గీరుతరు — నెత్తురు కారేదాంక.

ముత్యమ్మది గోడకు ఇవతలి ఊరు. వయసుల ఉన్నప్పుడు వాగొడ్డు పొంట తిరిగి, మోదుగాకు తెంపి విస్తర్లు కుట్టేది. ఇప్పుడు ఒక కంపెనీల చెట్లకు నీళ్లు పట్టే పని. కొడుకు బాలరాజ్ ఇంకో కంపెనీల కాంట్రాక్టు కూలీ.

మాఘమాసం. ఆ రాత్రి బాలరాజ్‌కు షిఫ్టు దిగంగనే బస్సు తప్పింది. అడ్డతొవ్వల, గోడ పొంట వచ్చిండు. వచ్చుడు గాదు — ఉరికొచ్చిండు. వాకిట్ల వడి అంగి చింపుకున్నడు. మెడ, ఛాతి, చేతులు... గీరుకుంటనే ఉన్నడు. గోళ్ల సందులల్ల తోలు.

"అమ్మా... గీరుతున్నడే... తియ్యే వాణ్ణి!"

పెండ్లాం రవళి పట్టుకోబోతే ఎగిరి తన్నిండు. నలుగురు మొగోళ్లు మీద వడి గుంజకు కట్టేసిన్రు. మంత్రగాడు చిన్నరాములును పిల్చుకొచ్చిన్రు.

రాములు దీపం దగ్గెర పెట్టి బాలరాజ్ మెడ సూసిండు. ఒక్క గడియ అట్లనే సూసిండు.

"వాచ్‌మనే," అన్నడు మెల్లగ. చింతబరికె అందుకున్నడు.

"పోతవా... పోవా?"

ఛళ్! ఛళ్!

వీపు మీద తోలు లేచింది. బరికె ఇరిగింది. ఇంకోటి తెచ్చిన్రు. బాలరాజ్ మొదట్ల అరిసిండు, ఇగ తర్వాత మూలిగిండు, ఆఖరికి తల వాలేసిండు.

"వీడు మొండోడు. గిట్ల పోడు," అన్నడు రాములు. "కొడవలి కాల్చుండ్రి. వాత పెట్టాలె."

ముత్యమ్మకు యాదికొచ్చింది. పోయినేడు ఒడిశా నుంచి వచ్చిన కూలీకి గిట్లనే వాతలు పెట్టిన్రు. మూడోనాడు పాణం పోయింది. దెయ్యమే తీస్కపోయిందన్నరు.

కొడుకు నెత్తురు తుడుద్దామని కింద పడ్డ అంగి అందుకున్నది. అంతే — అరచెయ్యి భగ్గుమన్నది. ఆగబుద్ధి గాలే. గోకాలె... ఇంకా గోకాలె...

అంగిని కింద ఇడిచింది. దెయ్యం పట్టింది కొడుకును గదా. మరి అంగిల ఏమున్నది?

కోడలి చెవి దగ్గెరికి వంగింది. "రవళీ... నేనొచ్చేదాంక వాత పడనియ్యకు. కాళ్లు మొక్కు, మీద వడు... ఏమన్న జెయ్యి."

"ఏడికి అత్తా?"

"గోడ కాడికి."

చేతిల చిన్న ఫోను. దాని లైటు అడుగు దూరం గూడ పారదు. ముత్యమ్మ కండ్లతోని గాదు, కాళ్లతోని, ముక్కుతోని నడిచింది. కాలికి మొరం తగిలింది, చేతికి తంగేడు. మొరం దిబ్బ ఉంటే తంగేడు ఉండాల్సిందే. కూలిన రాళ్లల్ల జిల్లేడు. కొంగు గుంజింది సర్కారు తుమ్మ — దానికి ఏ పాడునేలైనా ఒకటే.

గోడ దగ్గెరవడంగ వావిలాకు వాసన...

ఆగింది. వావిలికి తడి గావాలె. గింత ఎండిన జాగల నీళ్లెక్కడియి? అడుగేసింది — బురద. పగిలిన పైపు ఏదో కారుతున్నది.

గాలి లేచింది.

గర్ర్... గర్ర్...

సరిగ్గ నెత్తి మీద. మెడకు ఏందో మెత్తగ తాకింది. నిప్పుల్ల ఏసినట్టు మండింది. ముత్యమ్మ బురదల వడ్డది. తన గోళ్లే తన మెడల దిగుతున్నయి. జాకెట్టు చినిగింది. నెత్తురు వేళ్లకు ఎచ్చగ అంటింది.

"గోకొద్దు... గోకొద్దు..." తనకు తనే చెప్పుకున్నది. కొంగు నోట్ల కుక్కుకొని, పండ్లు బిగవట్టి, లైటు పైకెత్తింది.

సూసింది.

"నువ్వా...! వాగొడ్డు ఇడిచి ఇక్కడికెప్పుడొచ్చినవే?"

చేతికి కొంగు సుట్టుకొని, అందినకాడికి తెంపి, మూట గట్టింది. ఉరికింది.

వాకిట్ల రవళి మొగని మీద వడి ఉన్నది. పెదవి పగిలింది. ఇద్దరు మొగోళ్లు ఆమె జుట్టు వట్టి గుంజుతున్నరు. రాములు చేతిల కొడవలి ఎర్రగ — బాలరాజ్ అరికాలి దగ్గెర.

ముత్యమ్మ పక్కనించి వచ్చి, మూట తెరిచి రాములు అంగి లేని ఛాతి మీద కొట్టింది. బలమంత వెట్టి రుద్దింది.

కొడవలి జారింది. రాములు కేక పెట్టిండు. మెడల తావీదులు తెంపుకున్నడు. కిందవడి పొర్లిండు.

"ముత్యమ్మకు పట్టిందిరో! కట్టేయుండ్రి!" ఎవడో కట్టె ఎత్తిండు.

"రా! నీకు గూడ రుద్దుత!"

కట్టె ఆగింది.

ముత్యమ్మ రాములు పక్కన కూసున్నది. "చెప్పు రాములన్నా. నిన్నే దెయ్యం పట్టింది?"

"పెండ... పచ్చి పెండ తెండ్రిరా... జల్దీ... దూలగొండి ఇది... దురద తీగ... సచ్చిపోత..."

కట్టె ఎత్తినోడు దాన్ని కింద వడేసిండు.

ముత్యమ్మ కొంగు దులిపింది. వంకర కాయలు. మీద పట్టులెక్క మెరిసే నూగు. ఒక్కో కాడకు మూడు మూడు ఆకులు. తడి దొరికిన కాడ తీగ తుమ్మ మీదికెక్కి, గోడ మీది రేకు దాంక పాకింది. మాఘంల కాయ ఎండితే నూగు గాలికి లేస్తది. కాయలు రేకుకు రాసుకుంటయి — అదే గోకిన చప్పుడు.

"పెండ రుద్దాలని ఎర్కున్నోనివి..." ఆమె గొంతు గుసగుసలకు దిగింది. "బరికె వట్టకముందే ఎర్కనే గదా నీకు?"

రాములు గోక్కున్నడు.

రవళి లేచింది. కింద వడ్డ కొడవలి పిడి వట్టుకున్నది. రాములు దేక్కుంట దేక్కుంట వాకిలి దాటిండు. ఎవ్వలూ పెండ తేలే. మళ్ల ఆ ఊళ్లె కనవడలే.

పెండ రుద్ది బూడిద పూస్తే బాలరాజ్ దురద గంటల పోయింది. వీపు మాత్రం నెల దాటినా మానలే. ఆనాడు కట్టేసిన నలుగురు గూడ షిఫ్టుకు అదే బస్సుల పోతరు. ఆయన ఎక్కితే నలుగురూ లేచి సీటు ఇడుస్తరు. బాలరాజ్ వాళ్ల దిక్కు సూడడు. వీపు దేనికీ ఆనకుంట, కడ్డీ వట్టుకొని, కంపెనీ వచ్చేదాంక నిలవడే పోతడు.