నాడా ముడి

ఏం చూశారో చెప్పండి. ఆ దర్జీ చెయ్యి వణకడం చూశారు, పొద్దున్నే తాగొచ్చాడని నవ్వుకున్నారు. అంతేగా? రాత్రిళ్ళు అతని అవస్థ చూసింది భార్య ఒక్కతే.

అది వణుకుడు జబ్బు. చేతితో ఊరుకుందా? నిద్రనీ మింగింది, మనసునీ మింగింది. కాస్త కునుకు పడితే చాలు, కలలో ఎవరితోనో కొట్లాడుతూ మంచం మీంచి పడిపోయేవాడు. అందుకని ఆమె రోజూ ఒక నాడా తీసుకుని, ఒక కొస అతని మణికట్టుకీ, రెండోది తన మణికట్టుకీ కట్టేది. అతను మేలుకున్నంతసేపూ నాడా అదురుతూనే ఉండేది. నిద్రపట్టాకే ఆగేది. అది ఆగాకే ఆమె కన్ను మూసేది.

"గేదెని కట్టేసినట్టు కట్టేస్తున్నావే," అన్నాడు ఆ రాత్రి.

"గేదైతే పాలన్నా ఇచ్చేది. పడుకోండి."

అతను నవ్వలేదు. "బతకాలని లేదే నాకు. ఒక్క రాత్రి నిద్ర... ఎవరిచ్చినా సరే, ఏమడిగినా ఇచ్చేస్తా."

"నోరు ముయ్యండి!" అంటూ ముడి బిగించి, లైటు తీసేసింది.

చీకట్లో మిషను నూనె వాసన. రేకుల మీద వాన. అతను అటు పొర్లాడు, ఇటు పొర్లాడు. నాడా అదురుతూనే ఉంది. ఆమెకి రెప్పలు బరువెక్కాయి. ఎప్పుడో ఉలిక్కిపడి చూసుకుంది.

నాడా ఆగింది.

హమ్మయ్య, అనుకుంది.

ముందుగదిలో దగ్గు. అతని దగ్గే.

"లేచావా?" అన్నాడు అక్కణ్ణుంచే. "నిద్ర రాక, ముడి విప్పుకుని ఇక్కడ కూర్చున్నా."

ఆమె చీకట్లో తన మణికట్టు తడుముకుంది. నాడా బిగుతుగానే ఉంది. అవతలి కొసన... ఊపిరి. నెమ్మదిగా. తడిసిన గుడ్డ వాసన.

"ఏమండీ... ఇటు రాకండి..."

అప్పటికే అడుగుల చప్పుడు. మంచం కిర్రుమంది.

ఆ తర్వాత ఆమెకి ఒంటి మీద తెలివి లేదు.

తెల్లారి మిషను చప్పుడుకి లేచింది. ముందుగదిలో అతను సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఒక్క ప్రయత్నంలోనే. చెయ్యి రాయిలా నిలిచింది. ఎన్నాళ్ళకో నవ్వాడు.

"రాత్రి హాయిగా నిద్రపట్టిందే. ఇంకా ఆ నాడా ఎందుకు? విప్పెయ్."

ఆమె తన మణికట్టు చూసుకుంది. నాడా రెండో కొస మంచం కిందికి, చీకట్లోకి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు.

అది అదురుతోంది. అచ్చం అతని చెయ్యిలాగే, ఆగకుండా...

నవ్వినవాళ్ళంతా ఇప్పుడు చెప్పండి. మీరైతే ఆ ముడి విప్పుతారా?