ఏడాదికి అద్దెకిచ్చిన ఫోటో

"ఫోటోకి అద్దేంటండీ? అమ్మేయొచ్చు కదా," అన్నాడు ఉదయభాస్కర్.

శ్రీసుధ తలెత్తలేదు. స్కానర్ అద్దం తుడుస్తూనే, అద్దెకిచ్చిన ఇంటిని అప్పుడప్పుడూ వెళ్ళి చూసుకోవచ్చనీ, అమ్మేస్తే గుమ్మం తొక్కడానికి కూడా వీలుండదనీ చెప్పింది. వెబ్‌సైటు మొదటి పేజీకి ఒక్క ఏడాది. బ్రోచరుకి వేరే రేటు. ఫోటోలో దేన్నీ మార్చకూడదు.

రాజమండ్రిలోని ఆ స్టూడియో ఆమె తండ్రి సూర్యప్రకాశం గారిది. పెళ్ళిజంటల్ని ఫోటో తీసేటప్పుడు ఆయన నోటితో ఏమీ చెప్పేవారు కాదు. రెండు అరచేతులూ ఎడంగా ఎత్తి, మెల్లగా కలిపేవారు, దగ్గరకి జరగమని. పట్టిసీమ రేవులో, పొగమంచులో ఖాళీ పడవ ఆయన తీసిన ఆఖరి ఫోటో. ఆ నెలలోనే పోయారు. ఇప్పుడు బుల్లిరాజు గారి లాంచీల కంపెనీకి అది కావలసివచ్చింది. వాళ్ళ వెబ్‌సైటు తయారుచేసేది ఉదయభాస్కర్.

వారం తిరక్కుండానే అతను మళ్ళీ వచ్చాడు. ముఖంలో వేళాకోళం లేదు. స్టూడియో కంప్యూటర్‌లో పేజీ తెరిచాడు. ఫోటో పైనుంచి కొద్దికొద్దిగా దిగింది. మంచు, నీళ్ళు, పడవ. పడవలో ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు.

"మీరిచ్చినప్పుడు ఈయన లేరండి."

శ్రీసుధ నెగెటివ్‌ని లైటుకి పెట్టి చూసింది. పడవ ఖాళీగానే ఉంది. అతను పాత ఫైలునే మళ్ళీ మళ్ళీ పెట్టి చూశాడట. తెల్లారేసరికి ఆ మనిషి పడవలో ఉంటున్నాడట.

తలకి చుట్టిన తువ్వాలు. కెమెరా సంచీ బరువుకి ఒకపక్కకి ఒరిగిన భుజం. శ్రీసుధ తెర దగ్గరికి వంగింది.

"మా నాన్నగారండి," అంది.

బయట వాన మొదలైంది. అప్పుడతను అసలు సంగతి చెప్పాడు. బుల్లిరాజు గారు ఫోటోని పూర్తిగా కొనెయ్యమన్నారు. హక్కులు చేతికొస్తే ఆ మనిషిని చెరిపించెయ్యొచ్చని ఆయన ఆలోచన. కాగితం అతని జేబులోనే ఉంది. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

"పెట్టకపోతే మీ పని పోతుందా?"

"పోతుందండి."

"మరి అడగరేం?"

అతను తెరవైపు చూశాడు. "ఆయన ముందు ఎలా అడగనండీ."

కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అక్కడి ఫోనులోనే బుల్లిరాజు గారితో, ఫోటో అమ్మరనీ, తాను చెరపననీ చెప్పాడు. అటునుంచి వచ్చిన కేకలు శ్రీసుధకీ వినిపించాయి.

"ఇంక ఇక్కడికి రావడానికి నాకు వంక లేదండి," అన్నాడు ఫోను పెట్టేసి.

"లైసెన్సు ఏడాదికిచ్చాను కదండీ. ఏడాదంతా రావచ్చు."

"తర్వాతో?"

"రెన్యువల్ చేయించుకోవాలి."

అతను నవ్వబోయాడు. అంతలో తెర నల్లబడింది. ఎవరూ మౌస్ ముట్టుకోలేదు. ఫోటో మళ్ళీ పైనుంచి దిగసాగింది. మంచు, నీళ్ళు, పడవ.

ఆయన ఇటు తిరిగి ఉన్నారు. రెండు అరచేతులూ ఎడంగా ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"ఏమంటున్నారండీ?" గొంతు తగ్గించి అడిగాడు ఉదయభాస్కర్.

శ్రీసుధ తన కుర్చీని కాస్త అతనివైపు జరుపుకుంది.

తెరమీద, ఆ అరచేతుల మధ్య ఎడం తగ్గింది.