ఓస్మో బండి స్టార్ట్ కాలేదు

"తెల్ల కుందేలు ఎవరో తెలిసిపోయింది," అన్నాడు సర్కినెన్.

విభాగం రహస్యాలు సరిహద్దు దాటిస్తున్న ద్రోహికి వాళ్లు పెట్టుకున్న పేరది. ఏజెంట్ సైమా బన్ను తుంచుకోవడం ఆపలేదు. ఇవాలో ఊరి చివర పెట్రోల్ బంకులో కాఫీ బల్ల అది. లాప్‌లాండ్ మొత్తం మీద వాళ్ల రహస్య విభాగానికి ఇంతకంటే భద్రమైన ఆఫీసు లేదు. ఇక్కడ పక్క బల్ల మాటలు ఎవరూ వినరు, అందరికీ చలి గోలే సరిపోతుంది.

"ఎవరు సార్?"

"ముందు కాఫీ తాగమ్మా."

సర్కినెన్ మెత్తగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆమె కప్పు కింద పెట్టేసింది.

"ఓస్మో," అన్నాడాయన.

ఓస్మో ఆమె మొగుడు. అదే విభాగంలో రష్యన్ అనువాదకుడు. మైనస్ ముప్పై ఎనిమిదిలో కూడా టోపీ లేకుండా, మెడకు పట్టు మఫ్లర్ చుట్టుకుని తిరిగే అందగాడు. అతను బంకులో అడుగు పెడితే బిల్లు కొట్టే అమ్మాయి మీటలు తప్పు నొక్కేది. ఆ అందగాడు తనవాడని పదకొండేళ్లుగా సైమాకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

సర్కినెన్ గొంతు తగ్గించి గబగబా చెప్పేశాడు. సరిహద్దు అవతల మనవాళ్లు ముగ్గురున్నారు. ఆ ముగ్గురి పేర్లూ ఓస్మో బుర్రలో ఉన్నాయి. అవతలి ముఠా ఫోన్లను నమ్మదు, కాగితాలను నమ్మదు. మనిషే రావాలంటుంది. రేపు పొద్దున అతను సరిహద్దులో గడ్డకట్టిన సరస్సు దాటి వెళ్లబోతున్నాడు. వెళ్లాడా, ఆ ముగ్గురూ సాయంత్రానికి బతికుండరు.

"పడవల షెడ్డులో వాడి కోసం మంచు మీద పరిగెత్తే కొత్త స్నోమొబైల్ దాచిపెట్టారు. మన బండ్లేవీ దాన్ని అందుకోలేవు. ముందే పాడు చేద్దామంటే అవతలి గట్టు నుంచి బైనాక్యులర్లలో షెడ్డును కనిపెట్టుకుని ఉన్నారు. ఇంట్లో పట్టుకుంటే సాక్ష్యం నిలవదు, బండి దగ్గర దొరకాలి. కాబట్టి అది కదిలేలోపు వాణ్ణి పట్టుకోవాలి. కదిలితే..."

"కాల్చాలి."

"నువ్వొద్దులేమ్మా. వేరేవాళ్లను పంపిస్తాను."

"వేరేవాళ్లు ముందు కాల్చి తర్వాత పలకరిస్తారు సార్. నేనే వెళ్తాను. ప్రాణాలతో పట్టుకొస్తాను."

మిషన్ పేరు 'సాల్మన్ సూప్'. 'సూప్ చల్లగా ఉంది' అంటే మనిషి ఇక్కడే ఉన్నాడు, రండి అని, మలుపు వెనక స్కీల మీద కాచుకున్న గార్డులకు. 'సూప్ మరిగింది' అంటే ఇంజన్ స్టార్టయింది, కాల్చేస్తున్నాను అని.

మర్నాడు పొద్దున్నే ఓస్మో "ఇనారిలో మీటింగుంది, భోజనాల వేళకు వచ్చేస్తా" అని ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్లిపోయాడు. సైమా అడ్డదారిన అతనికంటే ముందే సరస్సు చేరింది. చేపలు పట్టే ముసలాడి వేషం. గొర్రెతోలు కోటు, చెవులు కప్పే టోపీ, ముక్కు దాకా ఉన్ని గుడ్డ. మంచుగడ్డకు కన్నం తొలిచి, స్టూలు వేసుకుని, గాలం వదిలి కూర్చుంది. కోటు లోపల పిస్తోలు. పక్కన థర్మాస్, దాని మూతలో మైకు.

ఓస్మో వచ్చాడు. ముసలాణ్ణి చూసి చెయ్యి కూడా ఊపాడు. షెడ్డు తలుపులు లాగి బండిని మంచు మీదికి తోశాడు.

తెలిసిన బండే. ఫ్యుయెల్ ఇంజెక్షన్‌ది. ఇలాంటిదే, కాస్త చిన్నది, ఈ శీతాకాలం వాళ్ల విభాగానికీ వచ్చి నెల రోజులు అందర్నీ ఏడిపించింది. పాత కార్బురేటర్ బండి చలికి మొండికేస్తే ఇక్కడెవరైనా ఒకటే చేస్తారు. చోక్ లాగి, బొటనవేలితో యాక్సిలరేటర్ మీట కాస్త నొక్కిపట్టి, ఇంజన్ తిప్పే తాడు లాగుతారు. కొత్త బండికి ఆ అలవాటు గిట్టదు. ఎంత పెట్రోలు కావాలో దాని కంప్యూటరే చూసుకుంటుంది. మీట కాస్త నొక్కితే దాని లెక్క చెడి, పెట్రోలు ఎక్కువై ఓవర్‌ఫ్లో అవుతుంది. పూర్తిగా నొక్కితే, ఓవర్‌ఫ్లో అయిందనుకుని పెట్రోలే ఆపేస్తుంది. వేలు తీసేసి లాగితే మాత్రం బుద్ధిగా స్టార్టవుతుంది. భుజం పడిపోయేదాకా లాగి లాగి సైమా ఈ సంగతి నేర్చుకుంది. గదిలో కూర్చుని అనువాదాలు చేసుకునే ఓస్మోకు ఆ బాధ పడే అవసరం రాలేదు.

అతను మీట మీద బొటనవేలు పెట్టి తాడు లాగాడు. ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంది.

అలా నొక్కడం నేర్పింది సైమానే. పెళ్లయిన మొదటి శీతాకాలం, తుర్కు నుంచి వచ్చిన ఈ పట్నం మనిషి వేలి మీద తన వేలు పెట్టి, ఇంతే, చాలు, ఇంకొంచెం, అని నేర్పింది. ఆ వేలు ఇప్పుడు అచ్చం అలాగే నొక్కుతోంది. చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

స్టార్ట్ కాకు తల్లీ, అని బండికే మొక్కుకుంది.

అవతలి గట్టున అద్దం తళుక్కుమంది. ముఠా తొందరపెడుతోంది. ఓస్మో చేతితొడుగు విసిరికొట్టి వట్టిచేత్తో మొదలుపెట్టాడు. ఈ చలిలో వట్టిచేత్తో ఇనుము ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది. ఇక ఆమె కూర్చోలేకపోయింది. థర్మాస్ పట్టుకుని దగ్గరకు నడిచింది.

"కాఫీ తాగు. చేతులు కొంకర్లు పోతాయి."

అతను తలెత్తి ఆమె కళ్లు చూసి పోల్చుకున్నాడు. "సైమా."

"సూప్ చల్లగా ఉంది," అంది ఆమె మూత విప్పుతూ.

"ఆ మూతలో మైకుందని నాకు తెలుసులే. ఎంతసేపట్లో వస్తారు?"

"స్కీల మీద ఆ మలుపు తిరిగి రావాలి."

"అయితే టైముంది." మళ్లీ లాగాడు.

ఆమె పిస్తోలు తీసింది. అతను ఒకసారి చూసి, "కాల్చవు నువ్వు," అని తన పనిలో పడ్డాడు.

"ఎప్పట్నుంచి ఓస్మో?"

"నీకంటే ముందు నుంచే."

"అంటే మన పెళ్లి..."

"చేసుకోమన్నారు. చేసుకున్నాను."

"తర్వాత?"

అతను తాడు లాగాడు.

"తర్వాతేమిటని అడుగుతున్నా."

"తర్వాత అలవాటైపోయావు. బాగా. ఇంక అడక్కు." అతను బండిని కాలితో తన్నాడు. "ఈ దరిద్రపు బండికేం రోగమో చెప్పు. నీకు తెలుసు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. దొరికితే జైల్లోనే ముసలాణ్ణైపోతాను సైమా. వెళ్లనీ. లేదా నువ్వూ వచ్చెయ్. వెనకాల కూర్చో."

వేలు తియ్యి, అంటే చాలు. అతను బతుకు చూసుకుంటాడు. సరస్సు అవతల ఎక్కడో ముగ్గురు, ఇప్పుడు పొయ్యి వెలిగించుకునో పిల్లల్ని బడికి పంపుకునో ఉంటారు, వాళ్లు పోతారు. ఆమె పళ్లు బిగబట్టింది.

"సరే, చెప్పకు," అన్నాడు. "రెండు చేతులతో లాగుతా."

మీట వదిలేశాడు.

 ఇప్పుడు లాగితే స్టార్టవుతుంది. స్టార్టయితే కాల్చాలి.  కాల్చగలదో లేదో సైమాకే తెలియదు.

"మీట వదలకు," అంది. "చలికి బిగుసుకుంది. చివరిదాకా నొక్కిపట్టి లాగు."

ప్రభుత్వాన్నీ పెళ్లాన్నీ ఇన్నేళ్లు ఏమార్చిన మనిషి ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. బండ్ల విషయంలో ఆ ఇంట్లో సైమా మాటే మాట.

"అలాగా," అని చివరిదాకా నొక్కాడు. లాగాడు. లాగుతూనే ఉన్నాడు. బొటనవేలు మైనంలా పాలిపోయింది. "ఇంకా గట్టిగానా?" అని అడిగాడు కూడా. ఆమె తలూపింది.

స్కీల చప్పుడు వినిపించేసరికి అతనికి ఆలస్యమైపోయింది. గార్డులు అతన్ని మంచు మీద బోర్లా పడుకోబెట్టారు. బేడీలు వేసే ముందు సైమా తన తొడుగు తీసి అతని కుడిచేతికి తొడిగింది. ఎవరూ వద్దనలేదు.

గార్డుల్లో ఒకడు బండెక్కాడు. వేలు ఎక్కడా పెట్టకుండా తాడు లాగాడు. ఇంజన్ ఒక్క లాగుకే గర్రుమంది.

ఓస్మో తల తిప్పి బండిని చూశాడు, తర్వాత ఆమెను.

"చివరిదాకా నొక్కమన్నావు."

"అన్నాను."

"ఇన్నేళ్లలో నువ్వు నాతో ఒక్క అబద్ధం ఆడలేదు సైమా."

"ఆడలేదు."

అతన్ని తీసుకెళ్లిపోయారు. ఆమె తన స్టూలు మీదికి వచ్చి కూర్చుంది. కన్నంలో నీళ్ల మీద అప్పుడే పొర కడుతోంది. ఏడ్చింది. కనురెప్పలు గడ్డకట్టి అతుక్కుంటే అరచేత్తో కరిగించుకుని మళ్లీ ఏడ్చింది.

సర్కినెన్ వచ్చి పక్కనే నిలబడ్డాడు. మైకులో అంతా విన్నట్టున్నాడు.

"ఆ ముగ్గురూ క్షేమంగా ఉన్నారమ్మా," అన్నాడు. మాట కలపడానికన్నట్టు, "అంత నమ్మకంగా అబద్ధమాడటం ఎక్కడ నేర్చుకున్నావు? మా ట్రైనింగులో అయితే లేదే," అన్నాడు.

"ఇంట్లోనే సార్," అంది సైమా.