అడగకుంట కట్టిన ఫ్లెక్సీ

ఎండకాలం ఫెలోషిప్ మొదటిరోజు. కోరుట్లల తనకిచ్చిన సేవా సంస్థ ఆఫీసుకాడికి పోయిన స్వరూపకు గేటు మీద ఎవలు కనవడ్డరో ఎరికేనా? స్వరూపనే. మనిషెత్తు ఫ్లెక్సీల, ఒళ్లె చేట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. కింద పెద్ద అక్షరాలల్ల రాసి ఉన్నది: "చదువు మానేసిన ఈ ఆడబిడ్డను ఆదుకుందాం."

డిగ్రీ ఆఖరు సంవత్సరం పిల్లాయె. కోపం నెత్తికెక్కింది.

"గిది పెట్టింది ఎవలు?" అనుకుంట లోపలికి పోయింది.

ల్యాప్‌టాప్ ముందర కూసున్న పొడుగు పిలగాడు లేసిండు. "నేనే. మహేందర్, సిరిసిల్ల కాలేజ్. నేను గూడ ఇంటర్న్‌నే, వారం ముందుగాల చేరిన. మంచిగున్నదా?"

"నా మొకం సూసి చెప్పు, మంచిగున్నదో లేదో."

సూసిండు. గేటు దిక్కు సూసిండు. మళ్ల ఆమె దిక్కు సూసిండు. తెరిసిన నోరు ముయ్యుడు మర్సిపోయిండు.

"మొన్న వాడల తిరుగుతుంటే కనవడ్డవ్, ఫోటో తీసిన. పగటీలి ఇంట్ల బీడీలు చుడుతున్నవంటే సదువు బంద్ వెట్టినవేమో అనుకున్న."

"సెలవులల్ల ఏ కాలేజీకి పోవాలె? మా కోరుట్లల అవ్వ చెయ్యి నొస్తే చేట బిడ్డ ఒళ్లెకు అస్తది. ఇంజినీరింగ్ సదివే పిల్లలు గూడ చుడుతరు. ఒక్కమాట అడిగితే నీ నోరు అరుగుతదా?"

"సారీ."

"నీ సారీ ఎవలకు గావాలె? మీ బాపు ఏం పని చేస్తడు?"

"తాళ్లు గీస్తడు, కల్లు దించుతడు. మాది చందుర్తి దిక్కు."

"ఆయన తాడెక్కంగ ఫోటో తీసి, దిక్కులేనోడు, ఆదుకోండ్రి అని రాసి గేటుకు కడ్త. మంచిగుంటదా?"

మహేందర్ మొకం చిన్నగైంది.

సంస్థ పెద్ద రాజమౌళి సార్ మాత్రం ఫ్లెక్సీ తియ్యనియ్యలె. "మీ ఫెలోషిప్ ఆఖర్ల హైదరాబాద్ నుంచి దాతలు అస్తున్నరమ్మా. అప్పటిదాంక ఉండనీ. నీ ఫోటోతోని పదిమందికి మేలైతది" అన్నడు. మేలట! ఒకల పరువు తీసి ఇంకొకలకు చేసే మేలేందో ఆయనకే తెల్వాలె. పోనీ వేరే సంస్థకు మారుత అంటే, ఫెలోషిప్ వాళ్లు కుదరదన్నరు.

స్వరూపకు తన మొకం గురించి కాదు బాధ. అవ్వ మల్లవ్వ ఏండ్లకేండ్లు బీడీలు చుట్టి బిడ్డను సదివిచ్చింది. ఇప్పుడు కార్ఖానల బీడీలు అప్పజెప్ప పోతే "బిడ్డ సదువు మాన్పిచ్చినవట గదనే" అని తోటి ఆడోళ్లు అడుగవట్టిరి. మల్లవ్వ గా గేటు ముందటికెళ్లి పోవుడే బంద్ జేసి, ఎండల గల్లీలు సుట్టు తిరిగి పోతున్నది. గది సూసినప్పుడల్ల స్వరూపకు కడుపు మండుతుండె.

ఒకనాడు మహేందర్ వాళ్లింటికే అచ్చి "పెద్దమ్మా, తప్పయింది" అన్నడు. మల్లవ్వ చాయ పోసింది.

"గాయినకు చాయెందుకే?" అన్నది స్వరూప.

"ఇంటికచ్చిన పిలగాడు, ఎండల అచ్చిండు" అన్నది అవ్వ.

ఆరోగ్య శిబిరం కోసం ఇద్దరు కలిసే ఇల్లిల్లు తిరగాలె. తిరిగినంతసేపు కొట్లాటే. ఫెలోషిప్ మీటింగ్‌కు జగిత్యాల పోయినప్పుడల్ల మహేందర్ బస్సు కిటికీలకెళ్లి ఖర్చీఫ్ ఏసి ఆమెకు సీటు ఆపుతుండె. ఆమె పట్టుబట్టి నిలవడే పోతుండె. ఒకనాడు ఎవలో ముసలాయన గా ఖర్చీఫ్‌తోనే చెమట తుడుసుకొని దర్జాగ కూసున్నడు. స్వరూపకు నవ్వచ్చింది. నవ్వినందుకు మళ్ల తనమీద తనకే కోపమచ్చింది.

ఇంకోటి గూడ సూసింది. మహేందర్ ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ఫోన్ జేబులనే పెట్టి "ఫోటో తియ్యాల్నా అవ్వా?" అని అడుగుతున్నడు. వద్దంటే తీస్తలేడు. సూసింది గని, సూసినట్టు చెప్పలె.

దాతలు అచ్చే రోజు పొద్దుగాలనే మొగులు వట్టింది. మహేందర్ గేటెక్కి ఫ్లెక్సీ తాళ్లు కోసిండు. రాజమౌళి సార్ ఉరికచ్చి "నీకు సర్టిఫికెట్ రాదు" అన్నడు. "సరే సార్" అని, ఫ్లెక్సీ చుట్టి భుజం మీద ఏసుకొని మల్లవ్వ ఇంటికి నడిసిండు.

ఆయన వాకిట్ల అడుగు పెట్టుడు, మిరుగు కార్తె తొలి వాన అందుకునుడు ఒక్కసారే అయింది. చేటలల్ల తునికాకు, పొగాకు అట్లనే ఉన్నయి. మహేందర్ ఫ్లెక్సీ ఇప్పి, బొమ్మ కిందికి తిప్పి, చేటల మీద కప్పవట్టిండు. రెండో కొస స్వరూప పట్టుకున్నది.

"సర్టిఫికెట్ పాయె గద" అన్నది.

"పోనీ."

"గింతకే నేను మెత్తవడ్త అనుకోకు."

"అనుకుంటలేను." మల్లవ్వ దిక్కు తిరిగిండు. "అత్తమ్మా, గా చేట ఇటు జరుపు, తడుస్తది."

మల్లవ్వ చెయ్యి ఆగింది. "నిన్నటిదాంక పెద్దమ్మ అన్నవ్ గద కొడుకా."

"పెద్దమ్మ అంటే... గీమె నాకు చెల్లె అయితది" అన్నడు తల వంచుకొని.

స్వరూపకు మళ్ల మండింది. "నన్ను అడగకుంటనే ఫోటో తీసినవ్. ఇప్పుడు నన్ను అడగకుంటనే వరుస మారుస్తున్నవా? ముందుగాల నన్ను అడగాలె గద."

వానల తడుసుకుంట, అవ్వ ముందటనే, సక్కగ మొకం సూసి అడిగిండు.

"సరే" అన్నది స్వరూప, కోపం తగ్గకుంటనే. మల్లవ్వ చేట జరిపింది.

తెల్లారి జగిత్యాలల ఫెలోషిప్ ఆఖరు మీటింగ్. సర్టిఫికెట్ లేనోనికి అక్కడేం పని అన్నడు మహేందర్. నాది సూద్దువు రా అన్నది స్వరూప. బస్సు ఆగంగనే జనం ఎగవడ్డరు. ఈసారి కిటికీలకెళ్లి చున్నీ ఏసి రెండు సీట్లు ఆపింది తనే. ముందుగాల ఎక్కి కూసున్నది. వెనకనుంచి ఎవలో అచ్చి పక్కసీట్ల కూసోబోతే, చెయ్యి అడ్డం పెట్టి గట్టిగ అన్నది.

"ఈడ మనిషున్నడు."